పదిహేను రోజుల ఫోస్టరింగ్, ముప్పై ఒక్క నెలల అప్పు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. చేతికి నెలకు 42 వేలు వస్తుంది. అద్దె 13 వేలు, ఊళ్లో అమ్మకు 6 వేలు, ఇతర ఖర్చులు 9 వేలు. 5 వేలు సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) కడుతున్నాను, అందులో 62 వేలు ఉంది. బ్యాంకులో 9 వేలు ఉన్నాయి. ఒక షెల్టర్ వాళ్లు రోడ్డు మీద దొరికిన రెండేళ్ల దేశీ కుక్కను దత్తత కుదిరేదాకా, మహా అయితే పదిహేను రోజులు ఉంచుకోమంటే (ఫోస్టరింగ్ అంటారు) ఇంటికి తెచ్చుకున్నాను. ఐదు నెలలైంది, ఎవరూ రాలేదు. దాని తిండికి, మందులకు నెలకు 3,500 దాకా అవుతోంది. గత నెల రాత్రిపూట గేటు తీసి ఉంటే బయటికి పరుగెత్తి బైకు కింద పడింది. వెనక కాలు విరిగింది. షెల్టర్ వాళ్లు ఫోన్ ఎత్తలేదు. ప్రైవేటు క్లినిక్‌లో ఆపరేషన్‌కు 46 వేలైంది. 26 వేలు క్రెడిట్ కార్డు మీద కట్టాను. లోన్ యాప్‌లో 20 వేలు తీసుకుంటే చేతికి 17,600 వచ్చింది. నెలకు 7,600 చొప్పున మూడు నెలలు కట్టాలి, ఒకటి కట్టాను. కార్డుకు ప్రస్తుతం మినిమమ్ డ్యూ (కనీసం కట్టాల్సిన మొత్తం) 1,500 కట్టి, సిప్ ఆపకుండా నెట్టుకొద్దామని ఉంది. లేదా పర్సనల్ లోన్ తీసుకోనా, అమ్మ గొలుసు తాకట్టు పెట్టనా? విరాళాలు అడగమని స్నేహితులు అంటున్నారు. ఇంకో కుక్కపిల్లను కూడా ఉంచుకోమని షెల్టర్ వాళ్లు అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు కార్డు సంగతి. గడువు తేదీలోపు మొత్తం 26 వేలూ కట్టేయండి. ఇది మీకు విడిగా మెయిల్‌లోనూ రాశాను, ఎందుకంటే ఈ జవాబు అచ్చయ్యేసరికి ఆ తేదీ దాటిపోతుంది. గడువులోపు పూర్తిగా కడితే వడ్డీ ఒక్క రూపాయి ఉండదు. మినిమమ్ డ్యూ కట్టి ఊరుకుంటే ఏమవుతుందో చూడండి. చాలా కార్డుల్లో వడ్డీ నెలకు మూడున్నర శాతం దగ్గర ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే మొదటి నెలే దాదాపు 1,070 రూపాయలు వడ్డీ కిందే పోతాయి. మీరు కట్టిన 1,500లో అసలుకు చేరేది 430. ఇలా నెలనెలా 1,500 కడుతూ పోతే ఈ 26 వేలు తీరడానికి 31 నెలలు పడుతుంది, మొత్తం 46 వేల పైచిలుకు కడతారు. ఆపరేషన్ బిల్లు ఎంతో అంత మళ్లీ కార్డు కంపెనీకి కట్టినట్టు. పైగా బాకీ ఉన్నంతకాలం ఆ కార్డుతో కొనే పప్పూ ఉప్పుకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

లోన్ యాప్ ఇంకా ఘోరం. మీ చేతికొచ్చింది 17,600. మీరు కట్టేది 22,800. మూడు నెలలకు 5,200 అంటే చిన్న మొత్తంలా కనిపించవచ్చు, అసలు ప్రతి నెలా తగ్గుతుందన్న లెక్కన చూస్తే ఇది నెలకు 14 శాతం వడ్డీ. మా చిన్నప్పుడు ఊళ్లో పది రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ని జనం శాపనార్థాలు పెట్టేవారు. ఇప్పుడు అంతకన్నా ఎక్కువ వడ్డీని రాత్రి పదకొండు గంటలకు రెండు నిమిషాల్లో నొక్కి తీసుకుంటున్నాం. ఫీజులన్నీ కలిపి ఏడాదికి వడ్డీ ఎంతవుతుందో ముందే ఒక పత్రంలో చూపించాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. మీకూ చూపించే ఉంటారు. కుక్క నొప్పితో అరుస్తుంటే ఆ పత్రం ఎవరు చదువుతారు? అందుకే ఆ సమయంలో అప్పు వెతుక్కునే పరిస్థితి రాకూడదంటాను.

మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది కుక్క కోసం కాదు. ‘సిప్ ఆపకుండా’ అన్న ఆ ఒక్క మాట కోసం. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరికి నాన్న ఆస్పత్రి ఖర్చు, ఒకరికి చెల్లెలి పెళ్లి, మీకు కుక్క కాలు. అందరూ చేసేది ఒకటే. పెట్టుబడిని పవిత్రంగా దాచుకుంటారు, దాని పక్కనే ఏడాదికి నలభై శాతం, నూట డెబ్బై శాతం వడ్డీకి అప్పు తెస్తారు. షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్ మీకు ఏడాదికి పన్నెండు శాతం ఇస్తుందనే అనుకుందాం, అదీ గ్యారంటీ లేదు. ఈ అంకెలు పక్కపక్కన రాసుకుని చూడండి. అకౌంట్స్‌లో పనిచేసే మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఫండ్ నుంచి 41,200 తీయండి. 26 వేలు కార్డుకు, మిగిలిన రెండు కిస్తీల 15,200 యాప్‌కు. ఈక్విటీ ఫండ్ డబ్బు రెండు మూడు పనిదినాల్లో ఖాతాలో పడుతుంది. పాత యూనిట్లే ముందు అమ్ముడవుతాయి కాబట్టి ఏడాది దాటినవాటికి ఎగ్జిట్ లోడ్ (ముందే తీస్తే కోసుకునే రుసుము) సాధారణంగా ఉండదు. ఏడాది దాటని వాటికి ఒక శాతం పోయినా, లాభం మీద కొంత పన్ను పడినా, వందల్లో నష్టం. వేలల్లో వడ్డీ తప్పుతుంది. పర్సనల్ లోన్ వద్దు, గొలుసు తాకట్టూ వద్దు. మీ డబ్బు మీ దగ్గర ఉండగా అమ్మ మెడలో వస్తువు జోలికి ఎందుకు వెళ్లడం?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీకు అత్యవసర నిధి లేదు. బ్యాంకులో ఉన్న 9 వేలను నిధి అనరు. అది నెలాఖరు చిల్లర. మీ ఇంటి ఖర్చు 28 వేలు. ఆరు నెలలకు 1,68,000. ఫోస్టర్ కుక్క ఇంట్లో ఉన్నన్నాళ్లు దాని 3,500 కూడా ఈ లెక్కలోకి రావాలి. అప్పుడు 31,500 చొప్పున 1,89,000. ‘అది నా కుక్క కాదుగా, రేపో మాపో వెళ్లిపోతుంది’ అని మీరు అనుకుంటారు. ఐదు నెలల నుంచీ అలాగే అనుకుంటున్నారు. ఫోస్టరింగ్‌లో ఖర్చు అంచనా తప్పేది ఇక్కడే. రెండు నెలల పిల్లయితే ఎవరో ఒకరు ముచ్చటపడి తీసుకెళ్తారు. రెండేళ్లు దాటిన దేశీ కుక్కను, అందులోనూ ఇప్పుడు కాలులో ప్లేటు ఉన్నదాన్ని అడిగేవాళ్లు తక్కువ. తీసుకెళ్లినవాళ్లు కూడా పది రోజులకు ‘మా అపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోవట్లేదు’ అని వెనక్కి తెచ్చిస్తుంటారు. కాబట్టి పదిహేను రోజులన్న మాట పక్కనపెట్టి, ఏడాది ఉంటుందనుకుని లెక్క వేయండి. ముందే వెళ్లిపోతే ఆ డబ్బు మీదే కదా.

ఉత్తరంతో పాటు మీరు పంపిన కుక్క ఖర్చుల పట్టిక కూడా చూశాను. చికెన్ షాపులో మెడలు, లివర్, బియ్యం, పిడుదుల మందు, నెలకోసారి స్నానం. అన్నీ రాసుకున్నారు, బాగుంది. అందులో లేనివి చూడండి. పిడుదుల నుంచి వచ్చే జ్వరం మన దగ్గర వీధి కుక్కల్లో మామూలే. రక్త పరీక్షలు, వారాల తరబడి మందులు, ఒక్కోసారి సెలైన్లు. ప్లేటు వేసిన కాలికి మళ్లీ ఎక్స్‌రేలు. ఇంటి ఓనరు సోఫా కొరికిందనో తలుపు గీకిందనో అడ్వాన్సులో కోసుకునేది. సంక్రాంతికి మీరు ఊరెళ్తే దాన్ని బోర్డింగ్‌లో ఉంచే ఖర్చు, రోజుకింతని. ఇవేవీ ప్రతి నెలా రావు. వచ్చిన నెల మాత్రం జీతం సరిపోదు. ఇందుకోసం ఇంటి నిధితో కలపకుండా మరో 25 వేలు కుక్క పేరు మీద విడిగా పెట్టండి. అది అయిపోతే షెల్టర్ వాళ్లకు ఫోన్ చేయాలి తప్ప ఇంటి నిధిలో చెయ్యి పెట్టకూడదు. ఈ గీత ముందే గీసుకోకపోతే ఆ రాత్రి గీసుకోలేరు.

డబ్బెక్కడిది అంటారా? అప్పులు తీరాక ఫండ్‌లో దాదాపు 20,800 మిగులుతుంది. దాన్నీ తీసి లిక్విడ్ ఫండ్‌లోనో (తక్కువ రిస్కుతో, త్వరగా తీసుకోగలిగే ఫండ్) స్వీప్ ఖాతాలోనో (మిగులు డబ్బును దానంతటదే డిపాజిట్‌గా మార్చే బ్యాంకు ఖాతా) పెట్టండి. ఈక్విటీలో ఉన్నది అత్యవసర నిధి కాదు, మార్కెట్ పడ్డ వారమే మీకు అవసరం వస్తుంది. సిప్ ఆపండి. అవును, ఆపమనే అంటున్నాను. కిస్తీలు, సిప్ లేకపోతే కుక్క ఖర్చు కూడా పోగా మీ జీతంలో 10,500 మిగులుతుంది. నెలకు 10 వేలు తప్పకుండా పక్కన పెడితే ఏడెనిమిది నెలల్లో మూడు నెలల ఖర్చు, అంటే 94,500 చేరుతుంది. ఆ తర్వాత రెండున్నర నెలలు కుక్క 25 వేలకు. అది పూర్తయ్యాక సిప్ మళ్లీ మొదలుపెట్టి సగం అటు, సగం ఇటు వేస్తూ ఆరు నెలల లెక్కకు చేరుకోండి. ఏడాది సిప్ ఆగితే కొంపలేమీ మునగవు.

ఇక షెల్టర్‌తో మీ లెక్క. ఫోస్టర్ ఇంట్లో ఉన్నా కుక్క బాధ్యత షెల్టర్‌దే. తిండి మీరు పెట్టడం మామూలే. టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, పెద్ద చికిత్సలు వాళ్లు చూసుకోవడం పద్ధతి. కానీ మీ దగ్గర ఏమీ రాసి లేదు. కనీసం వాట్సాప్‌లో అయినా నాలుగు మాటలు రాయించుకోండి. ఏ ఖర్చు ఎవరిది, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి, వాళ్లు ఎత్తకపోతే ఎంతవరకు మీరు ఖర్చుపెట్టి తర్వాత తీసుకోవచ్చు, మీ వల్ల కానప్పుడు ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకెళ్తారు. ఇవి అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. నిజాయితీగా నడిపే షెల్టర్ ఈ ప్రశ్నలకు సంతోషిస్తుంది. నసిగితే అదీ మీకు ఒక జవాబే. ఈ 46 వేల బిల్లు, డిశ్చార్జి కాగితాలు వాళ్లకు పంపి ఎంత ఇవ్వగలరో అడగండి. సగం వచ్చినా మంచిదే, రాకపోయినా పై లెక్క మారదు. వస్తుందన్న ఆశతో మాత్రం కార్డు బాకీ ఆపకండి.

ఇంకోసారి ఇలాంటిది జరిగితే, ప్రాణాపాయం లేదని డాక్టర్ చెప్పాక, ఆపరేషన్‌కు ముందు ఖర్చు అంచనా కాగితం మీద రాయించుకోండి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది. పొద్దున్నే వెళ్లి వరుసలో కూర్చోవాలి, కానీ బిల్లులో తేడా చాలా ఉంటుంది.

విరాళాలు అడగమని స్నేహితులు అంటున్నారని రాశారు. మీ సొంత యూపీఐకి వద్దు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చింది 50 వేలు దాటితే ఆ మొత్తమంతా మీ ఆదాయంలో కలిసి పన్ను పడుతుంది. షెల్టర్ ట్రస్టు ఖాతాకే వేయించి, ట్రస్టు నుంచి క్లినిక్‌కు కట్టించండి. పన్ను మినహాయింపుకు పనికొచ్చే విరాళం రసీదు కూడా దాతలకు అక్కడే వస్తుంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. మీరు కుక్కకు కొన్న మందులకు ఆ మినహాయింపు లేదు.

పెంపుడు జంతువుల బీమా గురించి ఒక్క మాట. ఇప్పటికే విరిగిన కాలుకు ఏ పాలసీ ఇవ్వదు, పైగా కుక్క మీ పేరు మీద లేదు. ఆ ప్రీమియం 25 వేల నిధిలో వేసుకోండి. బీమా అవసరమైంది మీకు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. సొంతంగా 5 లక్షల పాలసీ ఒకటి తీసుకోండి, వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. వీధి నుంచి వచ్చిన కుక్కలతో ఉండేవాళ్లు రేబిస్ టీకా ముందుగానే వేయించుకోవడం మంచిది, డాక్టర్‌ని అడగండి.

రెండో కుక్కపిల్ల వద్దు. 94,500 చేరి, కుక్క 25 వేలు కూడా నిండాక వాళ్లను మళ్లీ అడగమనండి. ఈలోగా సాయం చేయాలనిపిస్తే ఆదివారం షెల్టర్‌కు వెళ్లండి, మీ దగ్గరున్న కుక్కకు మంచి ఫొటోలు తీసి నలుగురికీ పంపండి. దానికి ఇల్లు దొరకడమే మీ బడ్జెట్‌కు ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద సాయం.

యాప్ బాకీ కట్టాక నో డ్యూస్ (ఇక బాకీ లేదన్న) లేఖ మెయిల్‌కు తెప్పించుకోండి. నెలా రెండు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్టులో ఆ లోన్ ‘క్లోజ్డ్’ అని వచ్చిందో లేదో చూసుకోండి. ఆ తర్వాతే ఫోన్‌లోంచి యాప్ తీసేయండి. కాంటాక్టులకు, గ్యాలరీకి అనుమతి ఇచ్చి ఉంటే మాత్రం దాన్ని ఈ రోజే తీసేయండి. అవి అడగకూడదని ఆర్‌బీఐ నిబంధనే ఉంది.