వేడి నక్షత్రం ముందు గ్రహం: వెలుగు తగ్గడం ఒక్కటే ఎందుకు చాలదు?

వేడిగా, ప్రకాశవంతంగా ఉండే నక్షత్రాల ముందు నుంచి ఒక భారీ గ్రహం దాటినప్పుడు వెలుగు తగ్గడం స్పష్టంగా తెలుస్తుంది కదా, అలాంటప్పుడు దాన్ని గ్రహమని నిర్ధారించడం ఎందుకంత కష్టమని మీరు అడిగారు. నేను 20 సెంటీమీటర్ల టెలిస్కోపుతో హంస మండలంలో, ఒక భారీ గ్రహం చుట్టూ తిరిగే కెల్ట్-20 అనే వేడి నక్షత్రాన్ని గమనించిన అనుభవంతో చెబుతున్నాను.

మొదటి రాత్రి నక్షత్రాన్ని చుక్కలా స్పష్టంగా ఫోకస్ చేశాను. అదే నా తప్పు. 7.6 ప్రకాశ పరిమాణం (మాగ్నిట్యూడ్) గల ఆ నక్షత్రపు వెలుగుకు కెమెరా పిక్సెళ్లు నిండిపోయి, మూడున్నర గంటల ట్రాన్సిట్‌లో, అంటే గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటే సమయంలో, తీసిన చిత్రాల్లో ఏ మార్పూ నమోదు కాలేదు. తరువాతి ప్రయత్నంలో ఫోకస్‌ను కావాలనే చెదరగొట్టి, నక్షత్రాన్ని తెరపై చిన్న ఉంగరంలా పరిచాను. అప్పుడు, పక్కనున్న నక్షత్రాలతో పోల్చి గీసిన గ్రాఫులో, వెలుగు ఒక శాతానికి కాస్త ఎక్కువగా కుంగి మళ్లీ లేవడం కనబడింది. ఆ గీతను చూస్తూ చాలాసేపు లేవలేకపోయాను.

అయితే ఆ గీత గ్రహానికి సాక్ష్యం కాదు. గురుగ్రహమంత పరిమాణం గల మసక నక్షత్రం అడ్డు వచ్చినా గ్రాఫు అలాగే ఉంటుంది. తేడా తేల్చాలంటే ద్రవ్యరాశి కావాలి. అందుకు గ్రహం లాగుడుకు నక్షత్రం ఎంత ఊగుతోందో వర్ణపటంలో, అంటే వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో, నల్లని రేఖల జరుగుడును బట్టి కొలవాలి. చిక్కంతా అక్కడే. సుమారు 6,250 కెల్విన్‌లకు మించిన వేడి గల నక్షత్రాల్లో లోతైన ఉష్ణసంవహన పొర (వేడి వాయువు మరుగుతూ పైకీ కిందికీ తిరిగే పొర) ఉండదు కాబట్టి, సూర్యుడి వంటి నక్షత్రాల భ్రమణాన్ని క్రమంగా నెమ్మదింపజేసే అయస్కాంత ప్రభావం వాటిలో బలహీనంగా ఉంటుంది. సూర్యుడి ఉపరితలం సెకనుకు రెండు కిలోమీటర్ల వేగంతో తిరిగితే, కెల్ట్-20 ఉపరితలం వంద కిలోమీటర్లకు పైగా తిరుగుతుంది. దాంతో వర్ణపటంలోని రేఖలు వెడల్పై, సెకనుకు వందల మీటర్ల ఊగిసలాట కూడా వాటిలో కలిసిపోతుంది.

నాకు అన్నింటికన్నా అందంగా తోచేది దీనికి దొరికిన పరిష్కారం. ఊగిసలాటను దాచిన ఆ వేగమే గ్రహాన్ని పట్టిస్తుంది. తిరిగే నక్షత్రంలో ఒక అంచు మనవైపు వస్తూ, మరో అంచు దూరమవుతూ ఉంటుంది; గ్రహం ఏ భాగాన్ని కప్పితే ఆ వేగానికి చెందిన వెలుగు రేఖలో లోపించి, చిన్న బుడిపెలా కనబడుతుంది. రేఖ వెడల్పుగా ఉండబట్టే ఆ బుడిపె కదలికను గుర్తుపట్టగలం. కెల్ట్-20లో అది నీలం వైపు (మనవైపు వచ్చే అంచు) నుంచి ఎరుపు వైపు (దూరమయ్యే అంచు) జరుగుతుంది. గ్రహం దాదాపు ధ్రువాల మీదుగా తిరిగే మరో వేడి నక్షత్రం కెల్ట్-9లో ఉన్నచోటే నిలిచినట్టుంటుంది. డాప్లర్ టోమోగ్రఫీ అనే ఈ పద్ధతితోనే 2010లో వాస్ప్-33 అనే వేడి నక్షత్రపు గ్రహాన్ని నిర్ధారించారు. ఊగిసలాటను ఉజ్జాయింపుగా కొలిచినా, అడ్డు వచ్చింది నక్షత్రమయ్యేంత బరువైనది కాదని చెప్పడానికి సరిపోతుంది.

మీరూ ప్రయత్నించదలిస్తే కెల్ట్-9తో కాకుండా కెల్ట్-20తో మొదలుపెట్టండి. కెల్ట్-9లో వెలుగు తగ్గుదల కెల్ట్-20లో సగమే. ఈ రెండు గ్రహాలనూ 2017లో ప్రకటించిన, గ్రహాల కోసం ఆకాశాన్ని గాలించే కెల్ట్ బృందం వాటి జాడ పట్టింది 42 మిల్లీమీటర్ల కటకంతోనే. కెల్ట్-20 గ్రహానికి అప్పట్లో వారు ద్రవ్యరాశి చెప్పలేకపోయారు, గరిష్ఠ పరిమితి మాత్రమే ఇవ్వగలిగారు.