రాళ్ళ మీది గుల్లల జోలికి పోవద్దు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వూ అల్లుడూ అక్టోబరులో పది రోజులు ఫ్రాన్స్ వెళ్తున్నారట. పారిస్‌ని రెండు రోజుల్లో తేల్చేసి, మిగతాదంతా పడమటి సముద్రం ఒడ్డునే తిరుగుతారట. "మావయ్య బతికిన ఊళ్ళు చూసి, అక్కడి చేపలు తినొస్తా" అన్నావట. ఫోన్ పెట్టేశాక ఆ మాట మీ అత్తయ్యకి రెండుసార్లు చెప్పాను. ఇరవై ఆరేళ్ళు సేన్ నజేర్ షిప్‌యార్డులో వెల్డింగ్ చేసొచ్చినవాణ్ణి. ఇన్నేళ్ళలో ఆ ఊరు చూడాలని అడిగింది మన ఇంట్లో నువ్వొక్కదానివే.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళకి పట్టి ఉండే గుల్లల్ని మీరే ఏరుకుని, అద్దె ఇంట్లో వండుకు తింటారని కూడా చెప్పింది. ఏదో వీడియోలో చూశారట. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పెడతావు కాబట్టి కాగితం మీద రాస్తున్నా.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. మధ్యాహ్నం భోజనం 12 నుంచి 2 లోపు, రాత్రి 7 దాటాక. ఆ వేళ తప్పితే చిన్న ఊళ్ళలో బతిమాలినా పొయ్యి వెలిగించరు. ఆదివారం రాత్రి, సోమవారం చాలా హోటళ్ళు మూసి ఉంటాయి. 'కరాఫ్ దో' అని అడిగితే కుళాయి నీళ్ళు జగ్గులో ఊరికే ఇస్తారు. ఉత్తినే నీళ్ళంటే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు. బ్రెడ్డుకి డబ్బుండదు. సర్వీసు ఖర్చు ధరలోనే కలిసి ఉంటుంది, పైన ఇచ్చేది మీ ఇష్టం. ఇంకోటి, అక్కడ 'మెన్యూ' అంటే ఒక ధరకి రెండు మూడు వంటకాలొచ్చే భోజనం. మనం మెనూ అనే జాబితాని వాళ్ళు 'కార్త్' అంటారు. ఈ తేడా తెలియక నేను మొదటి నెలంతా ఆకలి లేనప్పుడు కూడా మూడేసి ప్లేట్లు తిన్నాను.

సముద్రపు పళ్ళెం ఒకటి ఉంటుంది, 'ప్లతో ద ఫ్ర్వీ ద మేర్'. ఐసు మీద సముద్రపు నాచు పరిచి పెద్ద పీత, రొయ్యలు, రొయ్యల్లాంటి లాంగూస్తీన్లు, నత్తలు, ఆయిస్టర్లు పేర్చి తెస్తారు. అన్నీ చల్లగానే ఉంటాయి, వేడి చేసివ్వమని అడక్కు. బిగోర్నో అనే గోరంత నత్తల్ని గుండుసూదితో లాగి తినాలి. రెండు గంటలు పడుతుంది. అల్లుడికి ఓపిక తక్కువని మీ అమ్మ అంది కాబట్టి పీత పగలగొట్టే పని అతనికి అప్పగించు.

ఆయిస్టరు పచ్చిదే తింటారు. నంబరు పెరిగేకొద్దీ కాయ చిన్నదవుతుంది, మొదటిసారికి 4 అడుగు. చిప్పలో మొదట ఉన్న నీళ్ళు పారబోస్తే కాసేపటికి మళ్ళీ ఊరతాయి, అవే రుచి. నిమ్మరసం రెండు చుక్కలు చాలు. నమలకుండా మింగేవాడు ఆయిస్టరు తిన్నట్టు కాదు. కాంకాల్ అనే ఊళ్ళో అయితే సముద్రం పక్కనే బల్లల మీద అమ్ముతారు. గట్టు మెట్ల మీద కూర్చుని తినేసి, చిప్పలు కింద ఒడ్డు మీదకే విసిరేస్తారు. అక్కడ అది మర్యాదే. మా అల్లుడు యానాం బీచిలో కొబ్బరి బొండాం పారేస్తే నేను తిట్టినవాణ్ణి, అక్కడ నేనూ విసిరాను. ఒకవేళ కడుపులో నలుసు ఉంటే మాత్రం పచ్చివి ముట్టొద్దు. ఉందో లేదో నేను అడగను, అది ఆడవాళ్ళ మాట.

ఇప్పుడు అసలు సంగతి.

1986 జూలై. మీ అత్తయ్య యానాం నుంచి వచ్చి నాలుగు నెలలైంది. నేను అప్పటికి ఆరేళ్ళ పాతకాపుని. యానాం మన దేశంలో కలిసిపోయాక మా నాన్న ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకున్నాడు కదా, ఆయన దగ్గర నేర్చుకున్న ఫ్రెంచితో ఉత్తరాలు కూడా రాసేవాణ్ణి. ఒక ఆదివారం ఊరి బయట బీచికి వెళ్ళాం. నీళ్ళు చాలా దూరం తగ్గాయి. రాళ్ళ నిండా మస్సెల్స్, అక్కడ మూల్ అంటారు, నల్లగా తడితడిగా మెరుస్తూ గుత్తులు గుత్తులు. పైసా ఖర్చు లేని చేపల బజారు లాగుంది నా కంటికి.

దారి మొదట్లో ఒక బోర్డు ఉంది. గుల్లలు ఏరడం ప్రస్తుతానికి నిషేధం అని. చదివాను. ఇది పారిస్ నుంచి సెలవులకొచ్చే జనానికి గానీ గోదారి వాళ్ళకా అనుకున్నాను. మీ అత్తయ్యకి అప్పటికి ఫ్రెంచి అక్షరం రాదు. "ఏం రాసుందండీ?" అని అడిగింది.

"కుక్కల్ని తేవద్దని" అన్నాను.

రెండు సంచుల నిండా ఏరుకొచ్చాం. ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. మా అమ్మ నేర్పిన చదువు అదే కదా: మొప్ప ఎర్రగా ఉందా, కన్ను ఉబ్బి ఉందా, వాసన ఎలా ఉంది. తాజా సముద్రం వాసనేసింది. ఉల్లిపాయలు, యానాం నుంచి తెచ్చిన కారం, చింతపండు వేసి, అనుమానానికి తావు లేకుండా అరగంట ఉడికించాం. రుచి బ్రహ్మాండం. గిన్నెడు పట్టుకెళ్ళి కింద వాటాలో ఉండే ముసలామెకి ఇచ్చాను, బ్రెతాన్ ఆవిడ, అంటే ఆ పడమటి తీరపు మనిషి, మొగుడు పడవల మీద పని చేసి పోయాడు. ఎక్కడివని అడిగింది. చెప్పాను. మాట్లాడకుండా గిన్నె తీసుకెళ్ళి చెత్తబుట్టలో బోర్లించి, కడిగి, నా చేతిలో పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మన రంగు చూసి చేసిందనుకున్నా.

రాత్రి పదకొండుకి మొదలైంది. నా సంగతి వదిలెయ్, మొద్దు ఒళ్ళు. మీ అత్తయ్య అప్పటికి నలభై మూడు కిలోలు. వాంతులు, విరేచనాలు, కడుపులో మెలికలు. తెల్లారుజామున బాత్రూము గుమ్మంలో పడిపోయింది. నేను మెట్లు దిగి ఎవరి తలుపు కొట్టానో తెలుసుగా? అదే ముసలామె. నైట్‌గౌను మీద కోటు తొడుక్కుని వచ్చి, తనే ఫోన్ చేసి, అంబులెన్సులో మీ అత్తయ్య తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూడు రోజులు సెలైను. ఆ మూడు రోజుల్లో ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే తేలికయ్యేది.

డాక్టరు చెబితే తెలిసింది. ఆ సముద్రంలో వేసవికి కంటికి కనపడని నాచు జాతి ఒకటి పెరుగుతుంది, దాని పేరు డైనోఫిసిస్. మూల్ రోజంతా నీళ్ళు వడకట్టి తింటుంది కాబట్టి ఆ విషం దాని ఒంట్లో చేరుతుంది. గుల్లకి ఏమీ కాదు, హాయిగా ఉంటుంది. వాసన మారదు, రుచి మారదు. ఎంత ఉడికించినా విషం విరగదు. మా అమ్మ చదువూ, నా ముక్కూ, అరగంట మంటా ఎందుకూ పనికిరాలేదు. అందుకే వాళ్ళు నీళ్ళనీ గుల్లల్నీ పరీక్ష చేసి, తేడా ఉంటే ఆ బోర్డు పెడతారు. అక్టోబరుకి వేసవి నాచు తగ్గినా, పెద్ద వానలు పడ్డాక మురుగు కలిసే చోట్ల వేరే రోగాలుంటాయి. హోటల్లో, చేపల కొట్లో అమ్మేవి పరీక్షలు దాటి వచ్చినవే. బుట్టకి ఎక్కడివి, ఎప్పుడు కట్టారు అని చీటీ కూడా ఉంటుంది. కాబట్టి కొనుక్కుని తినండి. సముద్రంలో కర్రలు పాతి పెంచే 'బుషో' మూల్ మీరు వెళ్ళే నెలలో దొరుకుతాయి, చిన్నగా, నారింజ రంగులో, తియ్యగా ఉంటాయి. మొదటిది తినేశాక ఆ ఖాళీ చిప్పనే పట్టకారులా పట్టుకుని మిగతావి లాక్కోవాలి. చెంచా అడిగితే నవ్వుతారు.

మళ్ళీ వేసవికి మీ అత్తయ్యకి ఫ్రెంచి కూడబలుక్కుని చదవడం వచ్చింది. అదే బీచికి వెళ్ళాం. ఆ బోర్డు ముందు ఆగి, వేలు పెట్టి, చివరిదాకా చదివి, నా వైపు తిరిగి అడిగింది: "ఇందులో కుక్క ఎక్కడుందండీ?"

సరే. కోపంగా మొదలుపెట్టాను, చెయ్యి వణుకుతోంది, మంచి సంగతి రాస్తా.

గోదారికి ఎర్రనీళ్ళొచ్చాయి, పులస ధర వింటేనే కడుపు నిండిపోతోంది. పులసకి ఫ్రాన్సులో చుట్టం ఉందని నీకు తెలుసా? లువార్ నదిలో 'అలోజ్' అని చేప. మన పులస లాగే సముద్రం వదిలి గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతుంది, వెంట్రుకల్లాంటి ముళ్ళు, అదే కొవ్వు రుచి. తేడా ఏమిటంటే అది వసంతంలో వస్తుంది. వాళ్ళు దాన్ని దేంతో వండుతారో చెప్పనా, ఒజేయ్ అనే పుల్లటి ఆకుతో. నోట్లో పెట్టుకోగానే మన చుక్కకూర! ఆ పులుపుకి ముళ్ళు మెత్తబడతాయని అక్కడి పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. నేను దుకాణంలో ఆ కట్ట చూసి ఏడ్చినంత పని చేశాను. అలోజ్ ఇప్పుడు బాగా తగ్గిపోయింది, మీకు అక్టోబరులో దొరకదు. దాని మీద పోసే 'బేర్ బ్లాఁ' మాత్రం నాంత్‌లో అడుగు: చిన్న ఉల్లిపాయలు, వెనిగరు, వెన్న కలిపి చేసే తెల్లటి పులుసు, ఏ నది చేప మీదైనా బాగుంటుంది. చాలాచోట్ల అందులో తెల్ల వైను కూడా పడుతుంది, మీ అమ్మకి చెప్పకు.

అన్నం మీద బెంగ పుడితే క్రెపెరీకి, అంటే అట్ల హోటలుకి, వెళ్ళండి. గాలెత్ అంటే నల్లగోధుమ అనే గింజ పిండితో పోసే అట్టే. పెద్ద గుండ్రటి పెనం మీద చిన్న చెక్కపుల్లతో తిప్పుతారు. మొదటి అట్టు వాళ్ళకీ చెడిపోతుంది. 'కంప్లెత్' అంటే గుడ్డు, చీజు, పంది మాంసం. అల్లుడు పంది తినడు కాబట్టి 'సాఁ జంబోఁ' అనాలి. 'లార్దోఁ' అన్నా పందే. పక్కన పింగాణీ గిన్నెలో ఇచ్చే సీద్ర్ ఆపిల్ రసం లాగే ఉంటుంది గానీ అది మద్యం, కారు నడిపేవాళ్ళకి వద్దు.

కారం దొరకదు. పచ్చడి సీసా తీసుకెళ్ళు, హోటల్ బల్ల మీద మాత్రం తియ్యకు. లోరియాఁ వెళ్తే 'కారీ గోస్' అని ఒక మసాలా పొడి అడుగు. ఆ ఊళ్ళో ఒక మందుల కొట్టాయన 1800లలో తయారుచేసింది, మందుల షాపుల్లో కూడా అమ్మేవాళ్ళు. లోరియాఁ అంటే తూర్పు దేశం. మన యానాంలో కొట్లు పెట్టిన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ రేవు అది. నేను వాసన చూసి ఇది ధనియాలు లెక్క తప్పిన కూరపొడి అన్నాను. మీ అత్తయ్య మాత్రం పీతల కూరలో వేసేది.

వచ్చేటప్పుడు గెరాంద్ ఉప్పు ఒక కిలో తే. పైన తేలే తెల్లది ఖరీదు, అది వద్దు. మడి అడుగున బంకమన్ను తగిలి బూడిద రంగులో ఉండే రాళ్ళుప్పు. తడిగా ఉంటుంది, బట్టలకి తగలకుండా రెండు కవర్లలో కట్టు. చేపల పులుసుకి అంతకు మించిన ఉప్పు లేదని మీ అత్తయ్య ఇప్పటికీ అంటుంది.

తను ఇందాకట్నుంచి నా భుజం మీంచి చదువుతోంది. ఒక వాక్యం తన మాటగా రాయమంది: "బోర్డు ఏదైనా కనిపిస్తే మీ ఆయన చెప్పింది వినకు తల్లీ, ఫోన్ కెమెరా పెట్టి నువ్వే చదువుకో."

మీ మావయ్య
యానాం