సమన్లు వస్తే అరెస్టు చేస్తారా? ఎక్స్‌పార్టీ అంటే ఏమిటి?

పొలం గట్టు తగాదాలో నల్గొండ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి, అరెస్టు చేస్తారా అని అడిగారు. చెయ్యరు. ఇది సివిల్ దావా. వేసినాయన వాది, మీరు ప్రతివాది. సమన్లంటే ఫలానా తేదీన వచ్చి మీ మాట చెప్పమన్న పిలుపే. వకీలుకు వకాలత్ (మీ తరఫున కేసు నడిపే అధికార పత్రం) ఇచ్చి, సమన్లు అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయించండి. కోర్టు ఒప్పుకుంటే గడువు 90 రోజుల దాకా పెరగొచ్చు.

టెన్షన్ పడాల్సింది ఎక్స్‌పార్టీ గురించి. అంటే, వాయిదాకు పోకపోతే మీరు లేకుండానే కేసు నడిచి, డిక్రీ (కోర్టు తుది ఆదేశం) కూడా రావచ్చు. కాగితం తీసుకోకపోతే కేసే ఉండదని మన దగ్గర చాలామంది అనుకుంటారు. తీసుకోనంటే ఇంటి తలుపుకు అంటించి పోతారు! ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయించాలంటే, రాలేకపోయిన కారణం చూపి 30 రోజుల్లో అదే కోర్టులో పిటిషన్ వెయ్యాలి.