మట్టి నుంచి హైడ్రోపోనిక్ తొట్టిలోకి మార్చిన మొక్కలు వాడిపోతున్నాయా?

ప్రశ్న: కుండీల్లో మట్టిలో పెరిగిన టమాటా, మిరప, పుదీనా మొక్కల్ని ఇంట్లో పెట్టుకున్న హైడ్రోపోనిక్ తొట్టిలోకి (మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీళ్లలో మొక్కలు పెంచేది) మార్చాను. వేళ్లు నీళ్లలోనే ఉన్నా రెండో రోజుకే ఆకులు వేలాడిపోయాయి. పోషకాల మోతాదు పెంచమంటారా?

జవాబు: పెంచకండి, అది అన్నిటికంటే ప్రమాదం. మట్టిలోంచి తీసేటప్పుడు నీటిని పీల్చే సన్నటి నూగు వేళ్లు చాలావరకు తెగిపోతాయి కాబట్టి చుట్టూ ఎన్ని నీళ్లున్నా మొక్క తాగలేదు, ఇలాంటప్పుడు నీళ్లలో పోషక లవణాలు ఎక్కువైతే ఆ కాస్త నీరు లాక్కోవడం కూడా కష్టమవుతుంది.

ఇప్పుడు చేయాల్సింది: తొట్టిలోని ద్రావణం మార్చి, పోషకాలు మామూలు మోతాదులో నాలుగో వంతు మాత్రమే కలపండి, పీహెచ్ (నీటి ఆమ్ల-క్షార స్థాయి) 5.5 నుంచి 6.5 మధ్య ఉంచండి. మొక్కల్ని ఓ వారం నేరుగా ఎండ తగలని చోట పెట్టి, పూలు, పిందెలు, కింది ఆకులు కొన్ని తీసేయండి (మనసొప్పదు, తెలుసు, కానీ వేళ్లు రావాలంటే తప్పదు). మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకుంటుంటే టెన్షన్ పడక్కర్లేదు. కొత్త తెల్లటి వేళ్లు కనబడ్డాకే సగం మోతాదుకు, ఆ తర్వాత పూర్తి మోతాదుకు వెళ్లండి.

ఈలోగా ఒకసారి వేళ్లు బయటికి తీసి చూడండి. గోధుమ రంగు వేరును రెండు చేతివేళ్లతో పట్టి మెల్లగా లాగితే పైతొక్క జారిపోయి లోపల దారం లాంటి పోగు మిగిలిందంటే, పైగా వాసన కూడా వస్తోందంటే అది వేరుకుళ్లు. శుభ్రమైన కత్తెరతో ఆ భాగం తీసేసి, తొట్టి కడిగి, గాలి పంపు ఆపకుండా నడపండి. నీరు 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే మంచిది, వేడెక్కేకొద్దీ నీటిలో ఆక్సిజన్ తగ్గి ఈ తెగులు ఇంకా పెరుగుతుంది. తొట్టిలోకి వెలుతురు పడితే నాచు పడుతుంది, కప్పేయండి. టమాటా వేళ్లకు బుడిపెలు కనిపిస్తే మాత్రం అవి వేళ్లలో చేరే నులిపురుగులవి (నెమటోడ్లు), ఆ మొక్కను ఉంచుకోవద్దు.

ఇంకోసారి మార్చేటప్పుడు లేత మొక్కనే ఎంచుకోండి. వేరు ముద్దను గది వేడిమిలో ఉన్న బకెట్ నీళ్లలో నానబెట్టి, మట్టి తనంతట తాను జారేలా అటూ ఇటూ ఆడించండి, లాగొద్దు, కుళాయి ధార కింద పెట్టొద్దు. అలాగని మట్టి మిగల్చొద్దు, అది పంపుకు అడ్డుపడుతుంది, తెగుళ్లనూ వెంట తెస్తుంది. నెట్ కప్పులో (చిల్లుల చిన్న కప్పు) క్లే బాల్స్‌తో (కాల్చిన మట్టి గుళికలు) నిలబెట్టాక వేళ్ల కింది భాగమే నీళ్లలో ఉండాలి, పై వేళ్లకు గాలి తగలాలి.

నిజానికి పుదీనాకు ఇంత శ్రమ అనవసరం. కణుపు కింద కత్తిరించి, కింది ఆకులు దూసేసి, గ్లాసుడు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో అక్కడే వేళ్లు వస్తాయి, అవి నీటికి అలవాటైన వేళ్లే కాబట్టి తొట్టిలోకి మార్చినా అంతగా వాడవు. కాపుకొచ్చిన టమాటా మొక్కను మార్చే బదులు దాని పక్క పిలకలు తుంచి ఇలాగే పెట్టుకోండి. మిరప కొమ్మ అంత సులువుగా వేరు వేయదు, దానికి కోకోపీట్‌లోనో (కొబ్బరి పొట్టు) స్పాంజిలోనో విత్తనం వేసి నారు పెంచుకోవడమే నా సలహా.