పియానో మీద ప్రశాంతమైన బాణీ కట్టాలంటే ముందు ఎడమ చెయ్యి చూసుకోండి

ఎడమ చేత్తో కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు), కుడి చేత్తో బాణీ వాయిస్తున్నానని, టెంపో నిమిషానికి 50 బీట్లకు దించినా ప్రశాంతత రాక ముద్దముద్దగా మోగుతోందని అడిగారు. తప్పు వేగానిది కాదు. మిడిల్ సికి (కీబోర్డు నడుమ ఉండే సి) బాగా కింద మూడు స్వరాలూ దగ్గరదగ్గరగా ఉన్న కార్డు నొక్కితే వాటి అనుస్వరాలు (ప్రతి స్వరంతోపాటు సన్నగా మోగే పై స్వరాలు) ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఎంత మెల్లగా వాయించినా ఆ మసక పోదు. కార్డును విడదీయాలి.

ఎఫ్‌ను షడ్జమంగా పెట్టుకోండి. మిడిల్ సి కింద రెండో ఎఫ్ నుంచి స, ప, ఆ పై స్థాయి గ: మూడు బీట్లకు మూడు స్వరాలు, ఇది ఒక బార్. తర్వాతి బార్‌లో మ, పై స, పై ద. మొదటిది ఎఫ్ మేజర్, రెండోది బి ఫ్లాట్ మేజర్. కాలితో నొక్కే పెడల్ స్వరాలను పట్టుకుంటుంది కాబట్టి వేళ్లు అంత దూరం సాగదీయక్కర్లేదు. నిమిషానికి 60 బీట్లతో ఈ రెండు బార్లనే తిప్పుతూ ఉండండి. పోలండ్ స్వరకర్త షోపాన్ 1840ల్లో రాసిన పియానో జోలపాట బెర్సూజ్‌లో ఎడమ చెయ్యి దాదాపు చివరిదాకా ఒకే నమూనా పట్టుకుని ఉంటుంది, మార్పంతా కుడి చేతిలోనే.

కుడి చేతికి మోహన రాగ స్వరాలు చాలు: స రి గ ప ద. ఈ అయిదూ రెండు కార్డుల మీదా ఇమిడిపోతాయి. ముఖ్యంగా గ చూడండి. ఎఫ్ మీద అది కార్డులోని సొంత స్వరం, బి ఫ్లాట్ మీద అదే మేజర్ సెవెన్త్ (బి ఫ్లాట్ నుంచి లెక్కిస్తే ఏడో స్వరం) అవుతుంది. వేలు కదపకుండా గ పట్టుకుని కింద కార్డు మార్చండి, స్వరం అదే, రంగు వేరు. ఈ ఒక్క మార్పు మీదే మొదటి 8 బార్లూ నిలబెట్టవచ్చు. జోలపాట అనగానే మనకు నీలాంబరి రాగం గుర్తొస్తుంది కానీ దాని ప్రాణం గమకంలో ఉంది, పియానో కీ స్వరాన్ని ఊపలేదు. మోహన నిలకడ స్వరాలతోనూ నిలుస్తుంది, అందుకే అది.

రెండు బార్లు బాణీ, రెండు బార్లు ఖాళీ. ఖాళీ చోటును అలంకారాలతో నింపకండి, విన్నది లోపలికి దిగేది అక్కడే. దీర్ఘ స్వరాలను మిడిల్ సి పైన ఉన్న గ, ప, ద దగ్గరే ఉంచండి. ఇంకా పైకి వెళ్తే తీగ మోత త్వరగా ఆరిపోయి పాట తెగినట్టుంటుంది.

మధ్య 8 బార్లకు డి మైనర్ (ద, గ, స), జి మైనర్ (రి, ద, మ). బాణీలో మధ్యమం తొలిసారి ఇక్కడే రానివ్వండి. అప్పటిదాకా దాచిపెట్టారు కాబట్టి ఒక్కసారి తాకినా మనసుకు తగులుతుంది. తిరిగి ఎఫ్‌కు వచ్చేముందు సి సెవెన్త్ కార్డు వాడితే అందులోని కాకలి నిషాదం (పై స కు ఆనుకుని ఉండే ని) గట్టిగా ముందుకు లాగుతుంది. బదులుగా బాస్‌లో (అన్నిటికన్నా కింద) సి, పైన బి ఫ్లాట్ కార్డు వేయండి, మెత్తగా దిగుతుంది.

పెడల్‌లో చాలామంది చేసే పొరపాటు: కార్డుతోపాటే పాదం ఎత్తి మధ్యలో చిల్లు పెడతారు. కొత్త బాస్ స్వరం మోగాక, వేలు కీ మీదే ఉండగా, పాదం ఎత్తి వెంటనే నొక్కండి. ఆలస్యమైతే రెండు కార్డులూ కలిసిపోతాయి.

ఇక ఎడమ బొటనవేలు. వేళ్లలో బరువైనది అదే, పడేది మూడో బీట్ మీద. ప్రతి బార్‌లోనూ ఆ స్వరం పొడుచుకొస్తుంటే ప్రశాంతత పోతుంది. కొన్నాళ్లు ఎడమ చెయ్యి ఒక్కటే వాయిస్తూ బాస్ కాస్త నిండుగా, బొటనవేలు అన్నిటికన్నా తేలిగ్గా పడేలా సాధన చేయండి.

మొదలు 4, బాణీ 8, మళ్లీ 8, మధ్య 8, తిరిగి 8, ముగింపు 4. మొత్తం 40 బార్లు, సుమారు 2 నిమిషాలు. వేగం తగ్గించడం ప్రతి 8 బార్ల చివర మాత్రమే. ఆఖరి కార్డులో కుడి చేతికి స వద్దు, పైన గ ఒక్కటే ఉంచి, మోత పూర్తిగా ఆరాకే పెడల్ వదలండి.