ఆయుధాల అమ్మకం ఆగితే యుద్ధాలు ఆగుతాయా?

విజయవాడలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న: ఆయుధాలు అమ్మే దేశాల వల్ల యుద్ధాలు పుడుతున్నాయా, యుద్ధాలు ఉన్నాయి కాబట్టి అమ్మకాలు సాగుతున్నాయా?

మాది గుంటూరు. సైన్యంలో తుపాకులు మరమ్మతు చేసే ఆర్మరర్‌గా పనిచేస్తూ, ఐక్యరాజ్య సమితి శాంతి దళంతో కాంగోలోని గోమాలో ఒక ఏడాది ఉన్నాను. భూమి తగాదాలు, ఖనిజాలు, 1994 రువాండా మారణహోమం తరువాత సరిహద్దు దాటి వచ్చిన సాయుధులు, ఇలా అక్కడి పోరుకు కారణాలు అక్కడే ఉన్నాయి. అది ఏళ్ల తరబడి చల్లారకపోవడానికి మాత్రం బయటి నుంచి వచ్చే ఆయుధాలే కారణమని నా నమ్మకం.

లొంగిపోయినవారు అప్పగించిన తుపాకుల నంబర్లు రాసుకోవడం నా పని. ఎక్కువ భాగం కలష్నికోవ్ రకానివి. కొన్ని నా కంటే వయసులో పెద్దవి, మడమ విరిగితే తీగ చుట్టినవి, అయినా పేలేవి. తుపాకీ దశాబ్దాలు పనిచేస్తుంది గానీ తూటా ఒక్కసారే పేలుతుంది. తూటా పేలాక మిగిలే, మేము ఖోకాలనే ఖాళీ గుల్లల అడుగున తయారీ కర్మాగారం గుర్తు, సంవత్సరం చాలావరకు ముద్రించి ఉంటాయి. తూర్పు కాంగోలోని సాయుధ ముఠాలకు ఆయుధాలు చేరకూడదని భద్రతా మండలి 2003లోనే నిషేధించింది. ఆ తరువాతి సంవత్సరాల ముద్ర ఉన్న గుల్లలు నా అరచేతిలోకి వచ్చినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ఆ తూటాలన్నీ దొంగచాటుగా బయలుదేరినవి కావు. ఆయుధాలు ఏ దేశపు సైన్యానికో చెప్పే తుది వినియోగదారు ధ్రువపత్రంతో చట్టబద్ధంగా ఓడ ఎక్కినవి కూడా, గిడ్డంగి నుంచి అమ్ముడుపోయో దోపిడీకి గురయ్యో ముఠాల చేతికి చేరతాయి. మా మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, ఎవరిదో, ఎవరు కొన్నారో చీటీ చెబుతుంది. గేటు దాటాక దాని దారి చీటీకి తెలియదు. ఆయుధాల పత్రానిదీ అదే లోపం.

2013లో సమితి సాధారణ సభ 154 ఓట్లతో ఆమోదించిన ఆయుధ వాణిజ్య ఒప్పందం, సరుకు దారి మళ్లే ప్రమాదాన్ని ముందే అంచనా వేయాలని అమ్మే దేశాన్ని కోరుతుంది. ఒప్పందం తూకం ఎగుమతి దేశాలకు అనుకూలంగా మొగ్గిందని భారత్ ఓటింగుకు దూరంగా ఉంది. ఆయుధాలు భారీగా కొనే దేశంగా మన అభ్యంతరం నాకు అర్థమవుతుంది. అయితే దారి మళ్లింపుపై ఆ షరతు మాత్రం సరైనదే.

కనుక అమ్మకం ఆగినంత మాత్రాన పగలు పోవు. ఇప్పటికే చేరిన తుపాకులనూ వెనక్కి తేలేము. తూటాల సరఫరాను మాత్రం కట్టడి చేయవచ్చు, ఎందుకంటే నేను గోమాలో నంబరు రాసుకున్న ఏ తుపాకీ పేలాలన్నా దానికి కొత్త తూటాలు అందుతూనే ఉండాలి.