డెన్వర్ దగ్గర కొండ మీద డేగల లెక్క: పక్షులు తెలియకపోయినా వెళ్లొచ్చా?

"త్వరలో డెన్వర్‌కు మారుతున్నాం. అక్కడ వసంతంలో డైనోసార్ రిడ్జ్ మీద కూర్చుని వలస డేగలను లెక్కపెడతారని విన్నాను. నాకు కాకికీ గద్దకూ తేడా తప్ప ఇంకేమీ తెలియదు. నేను వెళ్తే వాళ్లకు ఉపయోగమా, అడ్డమా?" అని అడిగారు.

తప్పకుండా వెళ్లండి. మొదటిసారి ఆ కొండ ఎక్కినప్పుడు నాకూ అంతే తెలుసు. మాది వరంగల్ వైపు పత్తి పండించే ఊరు. చిన్నప్పుడు గద్ద అంటే వాకిట్లో కదిలే నీడ. అది కనబడగానే అమ్మ ఒక్క కేక వేసి కోడిపిల్లల మీద గంప బోర్లించేది. తలెత్తి ఆ పక్షిని తీరిగ్గా చూసిన గుర్తే లేదు.

డైనోసార్ రిడ్జ్ మారిసన్ ఊరి దగ్గర, ఐ-70 హైవేకు ఆనుకుని దక్షిణాన ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా సాగిన ఇసుకరాతి గట్టు. కార్లు ఆపే చోటు నుంచి నింపాదిగా నడిచినా అరగంటలో పైకి చేరతారు. పడమట ఎర్ర రాళ్ల గుట్టలున్న రెడ్ రాక్స్ పార్కు, తూర్పున డెన్వర్ మైదానం కనిపిస్తాయి. మార్చి నుంచి మే మొదటి రోజుల దాకా లెక్క నడుస్తుంది. పడమటి గాలి గట్టుకు కొట్టుకుని పైకి లేస్తుంది. ఆ లేచే గాలి మీద డేగలు రెక్క ఆడించకుండానే ఉత్తరానికి సాగిపోతాయి. ఎండెక్కాక నేల వేడికి లేచే గాలిలో గుండ్రంగా తిరుగుతూ పైకెక్కి, అక్కడి నుంచి జారుకుంటూ పోయేవీ ఉంటాయి. అవి మరీ ఎత్తున, నీలాకాశంలో నలుసుల్లా ఉంటాయి. తెల్ల మబ్బు ఉన్న రోజు వాటిని పట్టుకోవడం చాలా తేలిక. తూర్పు గాలి బలంగా ఉంటే మాత్రం మబ్బో మంచో కొండకు పట్టేస్తుంది, ఆ రోజు ఇంట్లోనే ఉండండి.

పక్షులను గుర్తుపట్టడానికి అక్కడ అనుభవం ఉన్నవాళ్లు ఉంటారు. మీరు ఇవ్వగలిగింది ఇంకో జత కళ్లు, ఒక పెన్ను. గంటకోసారి గాలి దిక్కు, వేగం, ఉష్ణోగ్రత, మబ్బు, ఎంతమంది చూస్తున్నారు, ఏ పక్షి ఎన్ని అన్నవి ఫారంలో నింపాలి. ఒక్కటీ రాని గంట కూడా రాయాలి. నాకు మొదట్లో అది వృథా అనిపించేది. మనం చూస్తూ కూర్చున్నా రాలేదన్నది ఒక సమాచారం, అసలు ఎవరూ చూడలేదన్నది వేరు. ఈ తేడా ఫారంలో తెలియకపోతే ఏళ్ల తరబడి పోగైన అంకెలకు అర్థం ఉండదు.

నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. ఒక ఉదయం రెండు గంటల్లో ఆరు రెడ్‌టెయిల్ డేగలు వెళ్లాయని ఉత్సాహంగా చెప్పాను. మా సీనియర్, డెబ్బై దాటిన పెద్దాయన, బైనాక్యులర్ దించకుండానే "ఒకదాని రెక్కలో ఈక ఊడింది చూశారా?" అన్నారు. మళ్లీ వచ్చినప్పుడు చూస్తే ఎడమ రెక్క అంచున సందు. నేను మూడుసార్లు లెక్కేసింది ఆ ఒక్క పక్షినే. అది అక్కడే గూడు పెట్టుకున్న డేగ, వలసకు వచ్చింది కాదు. అప్పటి నుంచి పక్షి ఉత్తరాన కనుమరుగయ్యేదాకా చూసి గానీ రాయను. ఏదో తెలియకపోతే "తెలియని డేగ" అనే గడి ఉంది, మొహమాటపడకుండా అందులో వేయండి. కూపర్స్ డేగకూ షార్ప్‌షిన్డ్ డేగకూ తేడా చెప్పలేక అనుభవజ్ఞులు కూడా ఆ గడినే వాడతారు.

రంగులు బట్టీ పట్టకండి, ఆకారం చూడండి. రెక్కలు వి ఆకారంలో పైకెత్తి, అటూ ఇటూ ఒరుగుతూ పోతే టర్కీ వల్చర్, ఇక్కడి రాబందు. పలకలా చదునుగా చాచి పోతే బాల్డ్ ఈగిల్ కావచ్చు. ఒక మార్చి మధ్యాహ్నం గోల్డెన్ ఈగిల్ ఒకటి మా పాదాల కంటే కిందుగా, గట్టు వాలును రాసుకుంటూ వచ్చింది. దాని వీపును పై నుంచి చూశాం. మెడ వెనక ఈకలు ఎండలో పండిన వరి రంగులో మెరిశాయి. రెక్కల్లోంచి గాలి దూసుకుపోయే చప్పుడు స్పష్టంగా వినబడింది. పెన్ను పట్టుకున్న చేయి కాసేపు ఆడలేదు.

నన్ను ఏటా అక్కడికి రప్పించేది మాత్రం స్వేన్సన్ డేగ. చలికాలమంతా అర్జెంటీనాలో గడిపి, దాదాపు 10,000 కిలోమీటర్లు ఎగిరి ఏప్రిల్‌లో ఇక్కడికి వస్తుంది. అక్కడ దాని తిండి ప్రధానంగా మిడతలు. 1995-96లో అక్కడి పొలాల్లో మిడతల మీద కొట్టిన మందుకు దాదాపు 20,000 స్వేన్సన్ డేగలు చనిపోయి ఉంటాయని అంచనా. శాటిలైట్ ట్రాన్స్‌మిటర్లు కట్టిన పక్షుల జాడ పట్టుకుని వెళ్లిన శాస్త్రవేత్తలకు చేలల్లో కళేబరాలు దొరికాయి. ఆ మందు మోనోక్రోటోఫాస్. ఆ పేరు చదివి చాలాసేపు కదల్లేకపోయాను. మా బాపు పత్తికి కొట్టింది అదే. ఆ వాసన ఆయన చొక్కాకు ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. తర్వాత అర్జెంటీనా దాన్ని నిషేధించింది.

కొండ మీద గంటగంటకూ రాసే ఆ అంకెలను అందుకే మనసు పెట్టి రాస్తాను. ఏ పక్షి తగ్గిపోతోందో ముందుగా బయటపడేది అలాంటి కాగితాల్లోనే. పెన్సిల్వేనియాలోని హాక్ మౌంటెన్‌లో 1934 నుంచి చేస్తున్న లెక్కల్లో బాల్డ్ ఈగిల్ పిల్లలు తగ్గిపోవడం డీడీటీ అనే పురుగుమందు చేస్తున్న హానికి ఒక సాక్ష్యమైంది. అమెరికాలో 1972లో డీడీటీని ఆపేశారు.

వచ్చేటప్పుడు ఎనిమిది రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్ ఉంటే అది, టోపీ, నీళ్లు, కింద ఎండగా ఉన్నా సరే గాలికి ఆగే జాకెట్ తెచ్చుకోండి. ఏప్రిల్ నుంచి బండల మీద ర్యాటిల్ స్నేక్స్ అనే విషపు పాములు ఎండ కాచుకుంటాయి, చూడకుండా చేయి పెట్టకండి. బైనాక్యులర్ లేకపోతే అప్పుడే కొనకండి, నా దగ్గర పాతది ఒకటి ఉంది. ఏప్రిల్ రెండో వారంలో పడమటి గాలి ఉన్న రోజు చూసుకుని రండి. రెక్క కింద ముందుభాగం తెల్లగా, వెనకభాగం నల్లగా, ఛాతీ మీద గోధుమరంగు పట్టీతో ఒకటి కనిపిస్తే గట్టిగా పిలవండి. అది స్వేన్సనే అయితే ఫారంలో మీ చేత్తోనే రాద్దురు గాని.